అసలు లెక్క ఆఖర్నే ఎందుకు చెబుతారు?

ప్రశ్న: రాజకీయాలు, టెక్నాలజీ, ఆఫర్లు... వీటిలో రోజూ మిమ్మల్ని విసిగించేవి ఏమిటి?

మీరు మూడు వేరు వేరు సంగతులుగా అడిగారు గానీ, నాకు మూడింట్లోనూ ఒంటికి కారం రాసుకున్నట్టుండేది ఒక్కటే. ఇచ్చేది ముందు చెబుతారు, గొంతెత్తి మరీ చెబుతారు. పుచ్చుకునేది మాత్రం మనం కుర్చీలో కూర్చుని, వాళ్ళిచ్చిన టీ తాగి, ఆధార్ నంబరు చెప్పి, ఓటీపీ చదివి వినిపించాక చెబుతారు. అప్పటికి లేచి రావడానికి మనకి మొహమాటం. సగం బేరాలు ఆ మొహమాటం మీదే నడుస్తున్నాయి.

ఆఫర్లతో మొదలుపెడతాను. దసరా ముందు మా చెల్లెలు వాషింగ్ మెషీన్ కొంటానంటే తోడు వెళ్ళాను. బెజవాడలో పెద్ద షోరూమే, పేరెందుకులెండి. గుమ్మంలోనే నిలువెత్తు అట్ట: నో కాస్ట్ ఈఎంఐ, వడ్డీ సున్నా. మెషీన్ 30,000. నెలకి 5,000 చొప్పున ఆరు నెలలు. "ఆరైదులు ముప్ఫై, పైసా ఎక్కువ లేదు మేడమ్" అన్నాడు సేల్స్ కుర్రాడు. మా చెల్లెలు పెద్ద చదువులేం చదవలేదు గానీ ఇరవయ్యేళ్ళుగా చీటీలు కడుతున్న మనిషి. "సరే బాబూ, మొత్తం డబ్బు ఇప్పుడే ఇచ్చేస్తే ఎంతకిస్తావ్?" అంది. వాడు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు కాలిక్యులేటర్ మీద ఏదో కొట్టి, "మీరు కాబట్టి 28,200 చేస్తానమ్మా" అన్నాడు.

వడ్డీ ఎక్కడ దాక్కుందో అక్కడే తేలిపోయింది కదా. చేతిలో డబ్బున్నవాడికి తగ్గే 1,800 ఈఎంఐ వాడికి తగ్గదు.

క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే ఇంకో మెలిక ఉంది. ఇది చాలామందికి తెలియదు కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. "నో కాస్ట్" అన్నా బ్యాంకు తన వడ్డీ తను వేస్తూనే ఉంటుంది. ఏడాదికి 15 శాతం అనుకుందాం. 30,000 మెషీన్ని 28,730కి అమ్మినట్టు చూపిస్తారు. దాని మీద ఆరు నెలల వడ్డీ సుమారు 1,270. రెండూ కలిపితే మళ్ళీ 30,000. ఇంతవరకూ ముచ్చటగానే ఉంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, అది 229 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199 అంటే జీఎస్టీతో కలిపి 235. ఈ రెండూ షోరూము అట్ట మీద ఉండవు, కార్డు స్టేట్‌మెంట్లో ఉంటాయి. పైసా ఎక్కువ లేదన్నది కాస్తా 464 ఎక్కువ అయింది. నగదు ధరతో పోలిస్తే తేడా 2,264.

అసలు సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకి చెప్పింది. వడ్డీని ప్రాసెసింగ్ ఫీజు ముసుగులో లాగొద్దని కూడా చెప్పింది. దాంతో అట్టల మీద "జీరో" పోయి "నో కాస్ట్" వచ్చింది.

ఇంతా చేసి మా చెల్లెలు ఈఎంఐ మీదే తీసుకుంది. పిల్లాడి కాలేజీ ఫీజు అదే నెలలో కట్టాలి, ఆరు నెలలు ఊపిరాడటానికి రెండు వేలు ఎక్కువేం కాదంది. దానికి నాకూ అభ్యంతరం లేదు, ఎంత ఎక్కువ కడుతోందో దానికి తెలుసు. బిల్లు ప్రింటయ్యి వచ్చాక మాత్రం ఒక్కో లైను వేలు పెట్టి చదివింది. ఎవరూ అడగని "ఎక్స్‌టెండెడ్ వారంటీ" అందులో 2,499కి కూర్చుని ఉంది. "అందరూ తీసుకుంటారు మేడమ్." "అందరికీ ఇచ్చుకో నాయనా, నాది తీసెయ్." తీసేశారు. అడక్కపోతే ఉండిపోయేదే.

బట్టల కొట్ల ఆషాఢం సంగతి చెప్పక్కర్లేదు. 70 శాతం అన్నది తాటికాయంత అక్షరాల్లో, "వరకు" అన్నది ఆవగింజంత. ఆ 70 తగ్గేవి మూలనున్న రెండు బుట్టల్లో ఉంటాయి, మనం ముచ్చటపడిన చీర మీద పది. బంగారం కొట్లలో "తరుగు లేదు" అంటే మజూరీ ఎంతని అడగండి, "మజూరీ లేదు" అంటే తరుగు ఎంతని అడగండి. రాళ్ళ బరువు విడిగా తీసి బంగారం బరువు ఎంతో బిల్లు మీద రాయించుకోండి. హాల్‌మార్క్ వస్తువు మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నిజమో కాదో అక్కడే తెలిసిపోతుంది. కొట్టువాడి ముందే కొట్టండి, ఏమీ అనుకోడు. అనుకుంటే ఇంకో కొట్టుకి పోవచ్చు.

ఇక ఫోన్లు. మా నాన్నకి ఉన్నది కీప్యాడ్ ఫోను. ఆయన చేసేది రెండే: మాకు ఫోన్ చేయడం, క్రికెట్ స్కోరు అడగడం. రోజుకి ఒకటిన్నర జీబీ డేటాకి ఏళ్ళ తరబడి డబ్బు కట్టారు. ఆ ఫోన్లో డేటా పోసుకోవడానికి చోటే లేదు. రీచార్జి కొట్టు అబ్బాయిని అడిగితే "మాటలకి విడిగా రాదు తాతగారూ" అనేవాడు. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ మాటలూ ఎస్సెమ్మెస్‌లూ మాత్రమే ఉండే ప్యాకులు పెట్టి తీరాలని కంపెనీలకి నిబంధన చేసింది. ప్రత్యేక ప్యాకుల గడువు 90 రోజులు దాటకూడదన్న పాత నియమాన్నీ 365కి పెంచింది. అవి వచ్చాక కూడా ఏ కొట్టులోనూ ఆ ప్యాకు పేరెత్తలేదు, పోస్టరూ లేదు. కంపెనీ యాప్‌లో బాగా కిందికి, వేలు నొప్పెట్టేదాకా జరిపితే కనిపించింది.

28 రోజుల నెల సంగతి తెలిసిందే. పదమూడు 28లు 364. నెలకి ఇంత అని చెబుతూనే ఏడాదికి పదమూడుసార్లు కట్టించుకుంటారు. 30 రోజుల ప్యాకొకటి, ప్రతి నెలా అదే తారీఖున తిరిగి వేసుకునే ప్యాకొకటి ఉంచాలని 2022లో ట్రాయ్ ఆదేశించింది. అవి ఉన్నాయి. అడిగినవాడికి ఉన్నాయి.

అమ్మది స్మార్ట్ ఫోను. భక్తి వీడియోల యాప్ ఒకటి "రూపాయికే వారం రోజులు" అంటూ కనిపించింది. నొక్కబోతూ నాకు చూపించి, "రూపాయే కదరా" అంది. పిన్ కొట్టే తెర మీద చూస్తే పైన ఒక రూపాయి, కింద బూడిదరంగు అక్షరాల్లో మూడు నెలలకోసారి 499 దాకా. అది రూపాయి చెల్లింపు కాదు, ఆటోపేకి, అంటే గడువు రాగానే మన ఖాతాలోంచి వాళ్ళే డబ్బు తీసుకోవడానికి, అనుమతి. నొక్కనివ్వలేదు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు అప్పటికే నొక్కేసి ఉన్నారు. డబ్బు పోతోందని యాప్ తీసేశారు, అయినా పోతూనే ఉంది. ఫోన్లోంచి యాప్ పీకేసినా అనుమతి పోదు. ఫోన్‌పేయో, గూగుల్‌పేయో, ఏది వాడుతుంటే దాంట్లో ఆటోపే అనే చోటుకి వెళ్ళి ఒక్కొక్కటీ రద్దు చేయాలి. ఒకసారి మీ ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్లు తీసి ఆ జాబితా చూడండి. డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు సందేశం పంపాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. పంపుతారు కూడా. లోను ఆఫర్ల మధ్యలో, ఇంగ్లీషులో. మా అమ్మ చదివేది తెలుగు.

టికెట్ల యాప్‌లలో ఇంకో రకం వేషాలు. బస్సు టికెట్ తీస్తుంటే మనం పెట్టని బీమా, మనం తలపెట్టని విరాళం ముందే టిక్కయి ఉంటాయి. తీసేయబోతే "నా ప్రయాణానికి రక్షణ అక్కర్లేదు" అని మన చేతే అనిపిస్తారు. శకునం పలికించినట్టు! ఇలాంటివి 13 రకాలని లెక్కగట్టి, 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. అడక్కుండా బుట్టలో వేయడం, సిగ్గుపడేలా మాట్లాడి ఒప్పించడం, చేరడం సులువు చేసి మానేయడం కష్టం చేయడం, అన్నీ అందులో ఉన్నాయి. నియమాలు బాగానే రాశారు. వాటిని చదివే రాశారేమో అనిపించే యాప్‌లు కూడా బాగానే ఉన్నాయి.

రాజకీయాలకొస్తే, పొద్దున్నే పోపు వేసే వేళకి ఫోను. నాయకుడి గొంతు, రికార్డు చేసింది. "నమస్కారం, పథకం మీకు అందితే ఒకటి నొక్కండి, అందకపోతే రెండు నొక్కండి." అందింది గానీ నాలుగు నెలలు తిరిగాక అందింది అని చెప్పడానికి నంబరు లేదు. రెండు నొక్కితే "ధన్యవాదాలు" అని కట్టయిపోతుంది, తర్వాత ఎవరూ అడగరు. 1909 నంబరుకి ఫోన్ చేసి నమోదు చేసుకుంటే ప్రకటనల ఫోన్లు తగ్గుతాయి. కానీ అది వ్యాపార సందేశాల కోసం పెట్టిన ఏర్పాటు, పార్టీ గొంతు వ్యాపారం కిందికి రాదు. అలాగని మనం అనుకోవాలి.

సభలో హామీ ఇచ్చేటప్పుడు "ప్రతి ఇంటికీ". జీవో వచ్చేసరికి "అర్హులకి". ఆ అర్హత ఏమిటో ఆఖర్న, ఊళ్ళో సచివాలయం గోడ మీద అంటించిన జాబితాలో మన పేరు లేనప్పుడు తెలుస్తుంది. ఆంధ్రలో చాలా పథకాలకి నెలకి 300 యూనిట్ల కరెంటు దాటకూడదు. ఒకే మీటరు మీద కింద ఇల్లుగలవాళ్ళు, మేడ మీద అద్దెకున్నవాళ్ళు ఉంటే, ఆ రెండు ఇళ్ళ ఫ్యాన్లూ ఒకరి ఖాతాలోనే తిరుగుతాయి. తెలంగాణలో గృహజ్యోతి 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు. ఒక్క యూనిట్ దాటితే ఆ ఒక్కదానికి కాదు, మొత్తానికీ కట్టాలి. పార్టీ ఏదైనా పద్ధతి ఇదే, కాబట్టి నన్ను ఏ రంగులోనూ వేయకండి. షరతులు ఉండకూడదని నేననను, ఖజానా ఎవరి తాత సొమ్మూ కాదు. ఆ 300 యూనిట్ల మాట కూడా అదే మైకులో, అదే గొంతుతో చెప్పమంటున్నాను.

కొట్టువాడు మోసం చేస్తే వెళ్ళడానికి చోటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే చెప్పుకోవచ్చు. బిల్లు, ప్రకటన ఫొటో దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి, సగం కంపెనీలు అక్కడే దిగొస్తాయి. దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఉన్న ఊరు పోనక్కర్లేదు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరీ కాదు. ప్రకటన ఫొటో తీసుకోవడం మాత్రం మరవద్దు. పండగ వెళ్ళిన మర్నాడు ఆ అట్ట అక్కడ ఉండదు.

హామీ ఇచ్చినవాడి మీద 1915 పనిచేయదు. మేనిఫెస్టో హామీలు ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి పద్ధతి కిందికి రావని తమిళనాడు ఉచిత కలర్ టీవీల హామీ కేసులో 2013 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. అదే తీర్పులో మేనిఫెస్టోలకి మార్గదర్శకాలు చేయమని ఎన్నికల సంఘానికి చెప్పింది. సంఘం చేసింది కూడా: హామీ వెనక హేతువు ఉండాలి, దానికి డబ్బు ఎక్కడి నుంచి తెస్తారో స్థూలంగానైనా చూపించాలి. అంటే ధర ముందే రాయమని. గత ఎన్నికల్లో మా ఇంటికొచ్చిన కరపత్రాలూ మేనిఫెస్టోలూ అన్నీ దాచి తిరగేశాను. ఫొటోలు బాగున్నాయి, కాగితం ఖరీదైనది. ఆ డబ్బు లెక్క ఉన్న పేజీ మీలో ఎవరికైనా దొరికితే, ఏ పార్టీదైనా సరే, పేజీ నంబరుతో సహా చెప్పండి.