స్విట్జర్లాండ్‌లోనూ ఇంటింటా తుపాకులుంటాయి కదా, మరి కాల్పులు అమెరికాలోనే ఎందుకెక్కువ?

కొన్నేళ్లు టెక్సాస్‌లో, ఆ తర్వాత జ్యూరిక్‌లో ఉద్యోగం చేశాను కాబట్టి రెండూ దగ్గర నుంచి చూశాను. అసలు 'ఇంటింటా' అన్నదే కాస్త ఎక్కువ చేసి చెప్పడం. తుపాకుల లెక్కలు తీసే పరిశోధన సంస్థ స్మాల్ ఆర్మ్స్ సర్వే 2017 అంచనా ప్రకారం అమెరికాలో ప్రతి 100 మందికి సుమారు 120 తుపాకులున్నాయి, అంటే మనుషుల కంటే తుపాకులే ఎక్కువ. స్విట్జర్లాండ్‌లో ఆ లెక్క 28 దాటదు. జపాన్‌లో 100 మందికి ఒకటి కూడా లేదు.

సరే, 28 కూడా తక్కువేం కాదు. తేడా అంతా ఆ తుపాకీ ఎందుకు కొన్నారు, ఇంట్లో ఎలా ఉంచారు అన్న దగ్గరుంది.

టెక్సాస్‌లో మా పక్కింటాయన రిటైరైన పెద్దమనిషి. మేం లేనప్పుడు మా మొక్కలకు నీళ్లు పోసేవారు. ఒకరోజు ఇల్లు చూపిస్తూ మంచం పక్క సొరుగు లాగి, వేలిముద్రతో తెరుచుకునే చిన్న పెట్టె చూపించారు. లోపల పిస్టల్, దానికి తూటాలుండే మ్యాగజైన్ ఎక్కించే ఉంది. "అర్ధరాత్రి ఎవడైనా ఇంట్లోకి చొరబడితే తాళాలు వెతుక్కుంటూ కూర్చోలేను కదా" అన్నారు. ఆయన వైపు నుంచి చూస్తే సబబే. ఆత్మరక్షణ కోసం కొన్న తుపాకీ, తూటాలు నింపి చేతికందేలా లేకపోతే ఉండీ లేనట్టే. చిక్కు కూడా అక్కడే. కోపమో, తాగిన మత్తో, బతుకు మీద విరక్తో తలకెక్కిన క్షణానికి కూడా అది అంతే దగ్గరగా ఉంటుంది. వేరే పిల్లల ఇంటికి తమ పిల్లల్ని ఆడుకోవడానికి పంపేముందు "మీ ఇంట్లో తుపాకీ ఉందా? తాళం వేసి ఉంచుతారా?" అని అడిగే తల్లిదండ్రులు అక్కడ ఉన్నారు. కొత్తలో అలా అడగడానికి మొహమాటపడ్డాం కానీ ఎవరూ ఏమీ అనుకోలేదు.

లైసెన్సున్న షాపులో కొంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్, అంటే కొనేవాళ్లకు నేరచరిత్ర లాంటిదేమైనా ఉందా అన్న తనిఖీ, ఉంటుంది. మామూలు వ్యక్తి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొంటే టెక్సాస్‌లో అదీ అక్కర్లేదు. 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్లు నిండి, చట్టరీత్యా అనర్హత లేనివాళ్లెవరైనా పర్మిట్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకుని తిరగొచ్చు. బార్ల గుమ్మాల దగ్గర ఎర్రటి అంకెల్లో '51%' అని బోర్డుంటుంది. కొత్తవాళ్లకు డిస్కౌంట్ బోర్డులా కనిపిస్తుంది గానీ, ఆదాయంలో 51 శాతమో అంతకుమించో మద్యం మీద వచ్చే చోటు ఇది, తుపాకీతో లోపలికి రావద్దు అని దానర్థం.

జ్యూరిక్‌లో ఆదివారం సాయంత్రం రైలెక్కితే యూనిఫాంలో ఉన్న కుర్రాళ్లు కనిపిస్తారు. బ్యాగు పైన అరలో, రైఫిల్ మోకాళ్ల మధ్య. ఎదుటి సీట్లో వాళ్లు ఫోన్‌లోంచి తలెత్తి కూడా చూడరు. తప్పనిసరి సైనిక సేవలో భాగంగా ఇచ్చిన రైఫిల్ అది. ఒకప్పుడు సీలు వేసిన తూటాల డబ్బా కూడా ఇంటికి ఇచ్చేవారు, 2007లో దాన్ని వెనక్కి తీసుకోవాలని నిర్ణయించారు. సొంతానికి పిస్టల్ కొనాలంటే అక్కడి కాంటన్ (మన రాష్ట్రం లాంటిది) ప్రభుత్వం నుంచి అనుమతి పత్రం కావాలి. షూటింగ్ క్లబ్బుకు తీసుకెళ్లేటప్పుడు తూటాలు విడిగా ఉండాలి. లోడ్ చేసి నడుముకు పెట్టుకుని తిరగాలంటే ప్రత్యేక లైసెన్సు, దానికో పరీక్ష. ప్రాణభయం ఉందని నిరూపించుకోవాలి కూడా. మామూలు వాళ్లకు అది దొరకడం కష్టం.

అలాగని అక్కడ ఏమీ జరగలేదని కాదు. 2001లో జుగ్ పట్టణంలో ప్రాంతీయ పార్లమెంటులోకి చొరబడి ఒకడు 14 మందిని కాల్చి చంపాడు. 2019లో ఆయుధ చట్టం బిగించాలా అని ప్రజలను అడిగితే దాదాపు 64 శాతం మంది అవునన్నారు. స్విట్జర్లాండ్‌ను చూపించి 'చట్టాలెందుకు, సంస్కృతి చాలు' అని వాదించేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

ఇలాంటి చర్చల్లో ఇంకోటి ఎప్పుడూ పక్కకు పోతుంది. అమెరికాలో 2021లో తుపాకీ వల్ల 48 వేల మందికి పైగా చనిపోయారు. అందులో సగానికి పైగా ఆత్మహత్యలు. వార్తల్లో వచ్చే సామూహిక కాల్పులు ఆ లెక్కలో చిన్న ముక్క. స్విట్జర్లాండ్ 2003లో సైన్యాన్ని సగానికి తగ్గించాక ఇళ్లలో రైఫిళ్లు తగ్గాయి, యువకుల్లో తుపాకీ ఆత్మహత్యలూ తగ్గాయి. ఆ తుపాకీ అందని వాళ్లలో ఎక్కువమంది ఇంకో దారి వెతుక్కోలేదని పరిశోధకులు చెప్పారు. నన్నడిగితే ఈ మొత్తం చర్చలో గట్టి ఆధారం ఇదే.

ఆస్ట్రేలియాలా వెనక్కి తీసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో కాల్పుల్లో 35 మంది చనిపోయాక అక్కడి ప్రభుత్వం సుమారు 6.5 లక్షల తుపాకులు కొని ధ్వంసం చేసింది. అమెరికాలో ఉన్నవి 39 కోట్లు. పైగా తుపాకీ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కని అక్కడి సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది. కాబట్టి అక్కడ చేయగలిగింది చిన్నదే: తాళం, విడిగా తూటాలు, ప్రతి అమ్మకానికీ చెక్. ప్రతి అమ్మకానికీ చెక్ కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికే ఉంది, టెక్సాస్ వాటిలో లేదు.