రిస్టోర్ చేసిన డాట్సన్ 240జెడ్‌ను ఆన్‌లైన్ వేలంలో అమ్మాలా? రిజర్వు ఎంత పెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. కాలిఫోర్నియాలో ఉంటున్నారు. 1973 డాట్సన్ 240జెడ్ అనే జపాన్ స్పోర్ట్స్ కారు కొని, తుప్పు పట్టిన రేకు కోయించి కొత్తది అతికించారు. ఇంజిన్ విప్పి మళ్లీ కట్టించారు, పసుపు కారుకు ఎరుపు రంగు వేయించారు. ఒక డీలరు చెప్పిన ధర తక్కువగా అనిపిస్తోంది. ఆన్‌లైన్ వేలంలో అంతకంటే ఎక్కువ వస్తుందా, మీరు పెట్టిన ఖర్చునే రిజర్వుగా, అంటే అంతకు తక్కువైతే అమ్మననే కనీస ధరగా, పెట్టవచ్చా అని అడిగారు.

నేను అదే కారు 1972 మోడల్‌ను ఇంటి గ్యారేజీలో బాగు చేసుకుని, బ్రింగ్ ఎ ట్రెయిలర్ అనే సైటు ఆన్‌లైన్ వేలంలో అమ్మాను. మీ కారును వేలానికి పెట్టమనే చెబుతాను. ఖర్చంతా రిజర్వుగా పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి.

ఖర్చు సంగతి ముందు తేల్చుకుందాం. మీ బిల్లుల మొత్తం కొనేవారికి పట్టని లెక్క. టింకరింగ్, పెయింటింగ్, బంపర్లకు క్రోమ్ పూత, సీట్ల తొడుగులు, రబ్బరు సీళ్లు అన్నీ కలిపితే చాలా 240జెడ్‌ల మీద పెట్టిన డబ్బు కారు మార్కెట్ ధరను దాటిపోతుంది. నా కారు కూడా పెట్టినదానికి కొంచెం దిగువనే పోయింది. అది ముందే తెలిసి మొదలుపెట్టాను కాబట్టి బాధ లేదు. 2020 జనవరిలో ఒక 1971 కారు అదే వేలంలో 3,10,000 డాలర్లకు పోయిన సంగతి మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది తక్కువ మైళ్లు తిరిగి, అసలు స్థితిలో నిలిచిన కారు. దాన్ని చూసి మన కార్లకు ధర కట్టుకోకూడదు.

ఏడాదిని బట్టి కూడా ధర మారుతుంది. అమెరికాలో 1970 మోడల్‌గా 3,526 డాలర్లకు ఈ కారు వచ్చినప్పుడు, 2.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో ఆ ధరకు ఐరోపా కంపెనీలు ఇవ్వలేనిది ఇచ్చింది. ఆ తొలి కార్లను, అంటే డిక్కీ తలుపు మీద గాలి రంధ్రాలు ఉన్నవాటిని, సేకరించేవారు ఎక్కువగా వెతుకుతారు. 1973 కారుకు కొత్త భద్రతా నిబంధనల వల్ల బరువైన బంపర్లు వచ్చాయి. కాలుష్య నిబంధనల కోసం పైభాగం చదునుగా ఉండే కార్బురేటర్లు (ఇంధనాన్ని గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే భాగాలు) బిగించారు. ఎండాకాలం ట్రాఫిక్‌లో ఇంధనం వేడెక్కి ఇంజిన్ ఆగిపోతుందని వాటికి అప్పటి నుంచీ చెడ్డపేరే. మీ కారుకు పాత మోడల్ గుండ్రటి కార్బురేటర్లు వేశారని రాశారు. నడిపేవారికి అది మెరుగుదలే. అలాగని తీసేసిన చదును జత పారేయకండి. అట్టపెట్టెలో పెట్టి, కారుతో పాటే ఇస్తామని ప్రకటనలో రాయండి. అసలు స్టీలు చక్రాలు, వాటి మూతలు, నాలుగు గేర్ల పాత గేరుబాక్సు ఉన్నా అంతే. చాలామంది ఐదు గేర్లది వేయించుకుంటారు. కానీ పాతది కూడా వెంట వస్తోందంటే కొనేవారికి వెనక్కి మళ్లే దారి ఉన్నట్టు ఉంటుంది.

రంగు మార్పు ధర తగ్గిస్తుంది, ఎంతన్నది వేలంలోనే తేలాలి. బానెట్ కింద, డాష్‌బోర్డు వెనక, తలుపు అంచుల్లో పాత పసుపు ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్ని మీరే ఫోటో తీసి పెట్టండి. పని ఎంత లోతుగా చేయించారో కొనేవారు చూసేది అక్కడే.

ఏ వేలం అన్నదానికి ఎక్కువ ఆలోచన అవసరం లేదు. కార్స్ అండ్ బిడ్స్ 1980ల నుంచి వచ్చిన కార్ల కోసం పెట్టినది, మీ కారుకు అది సరిపడదు. హేగర్టీ వారి వేలం ఉంది. ఈబేలోనూ అమ్మవచ్చు గానీ, అక్కడ పాడినవారు నిజంగా డబ్బు కడతారో లేదో అన్న దిగులు మిగులుతుంది. 240జెడ్ కొనాలని కాచుకుని కూర్చున్నవారు ఎక్కువమంది ఉన్నది బ్రింగ్ ఎ ట్రెయిలర్‌లోనే. 2007లో మంచి పాత కార్ల ప్రకటనలు ఏరి చూపించే సైటుగా మొదలై, 2014లో సొంత వేలాలు పెట్టింది. పాట సాధారణంగా ఏడు రోజులు నడుస్తుంది. అమ్మేవారు చిన్న లిస్టింగ్ రుసుము కడితే చాలు. కొన్నవారు ధర మీద 5 శాతం సైటుకు కడతారు, దానికి గరిష్ఠ పరిమితి ఉంటుంది. కారు ధర మాత్రం మీ ఇద్దరి మధ్య నేరుగా జరిగే లావాదేవీ.

ఇక అసలు విషయం. బట్టతో తుడిచి మెరిపించిన కారును చూసి ఎవరూ ధర పెంచరు. వందల మైళ్ల దూరంలో ఉండి, కారును తాకకుండా పాట పాడే మనిషి మీరు చూపించిన సాక్ష్యాన్ని కొంటున్నాడు. కాబట్టి ప్రకటన పెట్టే ముందు కారును లిఫ్టు మీద ఎక్కించి అడుగుభాగమంతా ఫోటోలు తీయించండి. ఈ కార్లకు తుప్పు ఎక్కడ పడుతుందో తెలిసినవారు నేరుగా అక్కడికే వస్తారు: బ్యాటరీ కూర్చునే పళ్లెం, దాని కింది రేకు, నేల రేకులు, వాటి కింద పొడవునా ఉండే ఫ్రేము దూలాలు, తలుపు వెనక చక్రం ముందు ఉండే మూల, డిక్కీ తలుపు కింది అంచు. వీటిలో ఒక్కటి చూపించకపోయినా అక్కడేదో దాచారనే అనుకుంటారు. కోయించి అతికించిన చోట వెల్డింగ్ జరుగుతున్నప్పటి ఫోటోలు ఉంటే అవి బంగారం. చెల్లించిన బిల్లుల మీద మీ చిరునామా చెరిపి, అవీ పెట్టండి.

రంగు మందం కొలిచే చిన్న పరికరం ఒకటి దొరుకుతుంది, కొనండి. ప్రతి రేకు మీద కొలుస్తూ వీడియో తీయండి. మళ్లీ రంగు వేసిన కారు కాబట్టి అంకెలు ఫ్యాక్టరీ రంగు కంటే ఎక్కువే వస్తాయి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. ఒక్కసారిగా అంకె ఎగిరిన చోట లోపల పుట్టీ ఉంటుంది. అలాంటి చోటు ఉంటే మీ నోటితోనే చెప్పండి. నా వేలం మూడో రోజున ఒకాయన వెనక కుడి రేకు మీద నీడ వంకరగా పడిందని, కింద మందంగా పుట్టీ ఉందని రాశాడు. నేను వాదించలేదు. ఆ సాయంత్రమే అదే రేకును కొలుస్తూ తీసిన వీడియో పెట్టాను. ఆ తర్వాత ఆ ప్రస్తావన ఎవరూ తేలేదు, ఆయన కూడా పాటలో దిగాడు.

చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసే వీడియో తప్పనిసరి. బానెట్ మీద చెయ్యి పెట్టి, అది చల్లగా ఉందని చూపించి, తాళం తిప్పండి. చోక్ వాడటం, మొదట్లో కొంచెం ముక్కడం, తర్వాత కుదురుకోవడం, పొగ ఏ రంగులో వచ్చిందన్నది అన్నీ అందులో కనిపించాలి. వీధిలో నడుపుతూ ఒకటి, గేర్లు మారుస్తున్నప్పటి శబ్దం వినిపించేలా ఇంకొకటి తీయండి. వెనకాల సంగీతం పెట్టకండి, ఇంజిన్ శబ్దం దాచడానికే పెట్టారంటారు.

నంబర్ల సంగతి చూసుకోండి. ఛాసిస్ నంబరు డాష్‌బోర్డు మీద, ఇంజిన్ వెనక గోడ మీద చెక్కి ఉంటుంది. ఇంజిన్ నంబరు బ్లాకు మీద, ఇంజిన్ గదిలోని చిన్న పలక మీద రెండుచోట్లా ఉంటుంది. అవి రెండూ కలిస్తే స్పష్టమైన ఫోటో పెట్టి ఊరుకోండి, ఆ ఫోటోకు వ్యాఖ్యానం అక్కర్లేదు. కలవకపోతే ఆ మాట మొదటి పేరాలోనే రాయండి. అలాగే ఈ కారు మైళ్ల మీటరు ఐదంకెలది, లక్ష దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. పాత యజమానుల సర్వీసు కాగితాలు లేకుండా "అసలు మైళ్లు 42 వేలు" అని రాస్తే ఎవరూ నమ్మరు. నిజమైన మైళ్లు తెలియవని రాయడమే మర్యాద, వేలంలో ఆ మాటకు ఎవరూ అదిరిపోరు కూడా.

వ్యాఖ్యల దగ్గరే చాలామంది అమ్మేవారు డబ్బు పోగొట్టుకుంటారు. ఆ ఏడు రోజులు రోజుకు రెండు మూడుసార్లు కూర్చుని, అడిగినవాటికి అడిగినంతే జవాబు ఇవ్వండి. డాష్‌బోర్డు పగిలిందా అని అడిగితే, ఆ వయసు కార్లలో అది దాదాపు అన్నింటికీ పగులుతుంది కాబట్టి, మీది బాగు చేయించారా, పైన తొడుగు వేశారా చెప్పండి. కిటికీలు దించి నడిపితే లోపలికి పొగ వాసన వస్తుందా అని అడుగుతారు. డిక్కీ తలుపు, వెనక దీపాల సీళ్లు పాతబడితే ఇవి లోపలికి పొగ లాగుతాయి. మీరు కొత్త సీళ్లు వేయించి ఉంటే ఆ ఒక్క జవాబే ఇద్దరు ముగ్గురిని పాటలోకి దించుతుంది. కొందరు కొనే ఉద్దేశం లేకపోయినా తమ పాండిత్యం చూపడానికి వస్తారు. వారికీ మర్యాదగానే చెప్పండి, ఎందుకంటే నోరు తెరవకుండా చదువుతున్న నలుగురిలోనే మీ కారు కొనబోయేవాడు ఉంటాడు.

రిజర్వు విషయానికి వస్తే, ఇదే సైటులో అమ్ముడైన 1973 కార్ల ఫలితాలు తీసి, రంగు మార్చినవి, పునరుద్ధరించినవి ఏరండి. మంచి ధరలు రెండు పక్కన పెట్టి మిగిలినవాటి దిగువ అంచు చూడండి. నేనైతే దానికి ఇంకో పది శాతం కింద రిజర్వు పెడతాను. రిజర్వు ఎంతన్నది సైటు వారితో మాట్లాడి కుదుర్చుకోవాలి, మరీ ఎక్కువ అడిగితే కారునే తీసుకోరు. వేలం నడుస్తుండగా దాన్ని తగ్గించవచ్చు, పూర్తిగా ఎత్తేయవచ్చు. నేను ఆఖరి రోజు ఉదయం ఎత్తేశాను, ఆ వార్తకే కొత్తవారు వచ్చారు. రిజర్వు అందక కారు మిగిలిపోతే ఆఖరి పాట ఎంతో ఆ సైటులో శాశ్వతంగా కనిపిస్తుంది. మీరు మళ్లీ ఎక్కడ అమ్మబోయినా బేరం ఆ అంకె దగ్గరే మొదలవుతుంది.

మొదటి ఐదు రోజులు పాట చాలా కింద ఉంటుంది, కంగారు పడకండి. డబ్బున్నవారు చివరి అరగంటలో దిగుతారు. బాలాపూర్ లడ్డూ వేలంలో వేదిక మీద ఒకటోసారి, రెండోసారి అని పిలిచే మనిషి ఉంటాడు. ఇక్కడ ఆ పని గడియారం చేస్తుంది. ఆఖరి రెండు నిమిషాల్లో ఎవరు పాడినా గడియారం మళ్లీ రెండు నిమిషాలకు వెళ్తుంది, కాబట్టి చివరి క్షణంలో దొంగచాటుగా గెలవడం కుదరదు. ఆ రోజు ఫోను పక్కన పెట్టుకుని ఉండండి, చివర్లో కూడా ప్రశ్నలు వస్తాయి. బావమరిదితో రెండు పాటలు పాడించే ఆలోచన ఉంటే ఇప్పుడే వదిలేయండి. అది నిబంధనలకు విరుద్ధం, పైగా కొత్త ఖాతాలను అక్కడివారు గంటలో పసిగడతారు.

అమ్ముడయ్యాక డబ్బు బ్యాంకు వైర్ ద్వారానే తీసుకోండి. బ్యాంకు పేరుతో ఇచ్చే క్యాషియర్స్ చెక్కులు నకిలీవి చెలామణిలో ఉన్నాయి. మీ బ్యాంకుకు మీరే ఫోన్ చేసి డబ్బు జమ అయిందని నిర్ధారించుకున్నాకే టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద సంతకం పెట్టండి. ఆ టైటిల్ ఇప్పటికే మీ పేరు మీద ఉండాలి. పాత యజమాని సంతకంతో అలాగే ఉంచుకుని ఉంటే ముందు మార్పించుకోండి, లేకపోతే వేలానికి తీసుకోరు. రవాణా కొన్నవారి ఖర్చు. కారు లారీ ఎక్కే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీయండి. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు పొగ పరీక్ష అక్కర్లేదు, ఒక తలనొప్పి తగ్గింది. అమ్మిన ఐదు రోజుల్లో యాజమాన్య మార్పిడి నోటీసు రాష్ట్ర వాహన శాఖకు పంపకపోతే, కొన్నవారికి పడే చలాన్లు మీ ఇంటికి రావచ్చు.

పన్ను గురించి ఒక్క మాట. లాభం వస్తే పన్ను కట్టాలి. భాగాలకు, పనివారికి ఇచ్చిన డబ్బు కారు ఖరీదులో కలుస్తుంది, రాత్రుళ్లు మీరే చేసుకున్న పని కలవదు. నష్టం వస్తే సొంత వాడకపు వస్తువు కాబట్టి దాన్ని పన్ను లెక్కలో తగ్గించుకోలేరు. బిల్లులు భద్రంగా ఉంచి, లెక్క మీ పన్ను సలహాదారుకు చూపించండి.

డీలరు ధర ఎంతో మీరు రాయలేదు. ఇంజిన్ గదిలోని ఆ చిన్న పలక, బ్లాకు నంబరు, బ్యాటరీ పళ్లెం, ఈ మూడింటి ఫోటోలు చూసి ఆ అంకె కూడా తెలిస్తే, ఎంత రిజర్వు అడగాలో ఇంకొంచెం గట్టిగా చెప్పగలను.