జైలు ఫిర్యాదులను విచారించబోతున్న తమ్ముడికి

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం అందింది. ఏ సంస్థ జీతమూ తీసుకోకుండా, ఏ పార్టీ నీడనా నిలబడకుండా జైళ్లలోని పరిస్థితులను, ఖైదీల ఫిర్యాదులను స్వతంత్రంగా విచారించి రాయాలనుకుంటున్నావని, ఒక ఫిర్యాదు ఇప్పటికే చేతికి వచ్చిందని, దాన్ని వెంటనే రాసేయవచ్చా అని అడిగావు. వెంటనే రాయవద్దు. ఆ ఫిర్యాదు చేసిన మనిషి ఇంకా లోపలే ఉన్నాడు. నువ్వు అతని పేరు దాచినా సరే, ఏ బ్యారక్‌లో ఏ రోజు ఏం జరిగిందో చదివిన హెడ్ వార్డర్‌కు అది ఎవరి నోటి నుంచి పొక్కిందో పోల్చుకోవడం క్షణాల పని. చెప్పినవాడికి కీడు జరగకుండా, చెప్పిన విషయాన్ని ఎవరూ కాదనలేని విధంగా నిలబెట్టడమే మన పని అంతా. నేను ఇక్కడ రాసేదంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

మన దేశంలో ఈ పనికి పునాది లాంటి కేసు తీహార్ జైలుది. మరణశిక్ష పడి అక్కడ ఉన్న సునీల్ బాత్రా, సాటి ఖైదీ ఒకరిని డబ్బు కోసం ఒక వార్డర్ దారుణంగా హింసించాడని సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాశాడు. కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా స్వీకరించింది. అయితే ఉత్తరాన్ని ఉన్నది ఉన్నట్లుగా నమ్మి ఊరుకోలేదు. వై.ఎస్. చితలే, ముకుల్ ముద్గల్ అనే ఇద్దరు న్యాయవాదులను నియమించి, జైలుకు వెళ్లి ఆ ఖైదీని కలవడానికీ, సంబంధిత కాగితాలు చూడటానికీ, సాక్షులతో మాట్లాడటానికీ అధికారం ఇచ్చింది. ఖైదీనే కాక జైలు డాక్టరును కూడా లొంగదీసి ఆ నేరాన్ని కప్పిపుచ్చే ప్రయత్నం జరిగిన సంగతి 1979 డిసెంబరులో జస్టిస్ కృష్ణయ్యర్ ఇచ్చిన తీర్పులో నమోదయింది. ఆ తీర్పును తప్పక చదువు. ఫిర్యాదు రాసినవాడు ఒకడు, బాధపడినవాడు మరొకడు, విచారించినవారు ఇద్దరికీ సంబంధం లేనివారు. ఈ ఏర్పాటులో ఎంతో రక్షణ ఉంది. సాధ్యమైన ప్రతిచోటా నీ విచారణ కూడా ఒకే మనిషి మాట మీద ఆధారపడకుండా చూసుకో.

జైలు గోడలకు నిజంగానే చెవులుంటాయి. సూపరింటెండెంట్ పక్కన నిలబడి ఉండగా "ఇక్కడ ఏమైనా ఇబ్బందులున్నాయా?" అని అడిగితే బ్యారక్ అంతా ఏకకంఠంతో లేవంటుంది. ఒక మహిళా బ్యారక్‌లో నేను భోజనం ఎలా ఉందని అడిగినప్పుడు ఒక తల్లి నా ముఖం చూడకుండా, నా వెనక ఉన్న మేట్రన్ ముఖం చూస్తూ "బాగుందమ్మా" అంది. ఆ సంగతి వదిలేసి, ఒడిలో ఉన్న పిల్లవాడికి పొద్దున పాలు ఎన్నింటికి వస్తాయని, ఆ పాలు వేడి చేసుకోవడానికి ఎక్కడికి వెళ్లాలని, నిన్న రాత్రి వాళ్లిద్దరికీ రెండు వైపులా ఎవరెవరు పడుకున్నారని అడిగాను. ఫిర్యాదు అన్న మాట రాకుండానే ఆమె అంతా చెప్పేసింది: పాలు రాని రోజులు, చాప మీద ఒక పక్కకే తిరిగి పడుకోవలసి రావడం, పిల్లవాడికి జ్వరం వచ్చిన రాత్రి తలుపు కొట్టినా ఎవరూ రాకపోవడం. ఆరోపణ చేయమని అడిగితే నోరు మెదపనివారు కూడా తమ దినచర్య అడిగితే చెబుతారు. అలాంటి పది మంది దినచర్యలు ఒకేలా ఉంటే, ఎవరు చెప్పారో బయటపడకుండానే విషయం రుజువవుతుంది. తల్లులతో పాటు జైల్లో ఉండే పిల్లల తిండి, వైద్యం, చదువు ఎలా ఉండాలో 2006లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కేసులో ప్రతివాది ఆనాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. ఆరేళ్లు నిండేదాకా తల్లి దగ్గర ఉండే ఆ పిల్లల మీద ఏ కేసూ లేదన్న సంగతి నువ్వు రాసే ప్రతి నివేదికలోనూ పాఠకుడికి గుర్తుండాలి.

ఇక కాగితాల సంగతి. జైలు పూర్తిగా రిజిస్టర్ల మీద నడిచే చోటు, కాబట్టి రిజిస్టర్లను చదవడం నేర్చుకోనివాడు ఈ పనికి పనికిరాడు. 1894 నాటి జైళ్ల చట్టాన్ని దగ్గర పెట్టుకో. దాని స్థానంలో తెచ్చుకోవడానికి కేంద్ర హోం శాఖ 2023లో ఒక నమూనా చట్టాన్ని రాష్ట్రాలకు పంపింది గనుక, నువ్వు వెళ్లే రాష్ట్రంలో ఏ చట్టం, ఏ మాన్యువల్ (జైలు నడపడానికి రాష్ట్రం రాసుకున్న నియమాల పుస్తకం) అమల్లో ఉన్నాయో ముందే చూసుకో. పాత చట్టంలోని 24వ సెక్షన్ ప్రకారం, ఖైదీ లోపలికి వచ్చాక వీలైనంత త్వరగా పరీక్షించి అతని ఆరోగ్యస్థితిని, ఒంటి మీది గాయాలను, గుర్తులను పుస్తకంలో రాయాలి. ఆ ఒక్క పుటకు ఎంత విలువ ఉందో చూడు. రిమాండుకు వచ్చిన మనిషి అరికాళ్ల వాపు ఆ రోజే పుస్తకంలోకి ఎక్కితే, ఆ దెబ్బలకు జవాబు చెప్పవలసింది పోలీసులు. ఆ రోజు ఏమీ లేకుండా నాలుగో రోజు జైలు ఆసుపత్రి చీటీలో వాపు కనిపిస్తే, జవాబు చెప్పవలసింది జైలువారు. పుట మొదటి నుంచి చివరి దాకా అందరి పేర్ల ఎదురుగా ఒకే చేతిరాతతో, ఒకే సిరాతో "గాయాలు లేవు" అని ఉంటే, అసలు పరీక్ష జరిగిందా అని అడగడం నీ బాధ్యత.

జైలులో ఎవరైనా చనిపోయినప్పుడు 15వ సెక్షన్ చూడు. మనిషి జబ్బుగా ఉందని మొదట చెప్పిన రోజు, ఆ రోజు అతను చేసిన పని, పెట్టిన తిండి, ఆసుపత్రిలో చేర్చిన రోజు, వైద్యాధికారికి మొదట కబురు అందిన రోజు, వైద్యుడు అతన్ని చివరిసారి చూసిన సమయం, చనిపోయిన సమయం, ఇవన్నీ వైద్యాధికారి నమోదు చేయాలి. నూట ముప్పై ఏళ్ల నాటి వలస పాలకుల చట్టం కూడా ఇన్ని తేదీలు అడిగింది! మొదట చెప్పిన రోజుకూ డాక్టరుకు కబురు అందిన రోజుకూ మధ్య ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టు. చాలా మరణాల వెనక అసలు కథ ఆ ఖాళీలోనే దొరుకుతుంది. పోలీసు ఎస్కార్ట్ దొరకలేదని పెద్దాసుపత్రికి పంపడం వాయిదా పడుతూ వచ్చిందన్న మాట నువ్వు తరచుగా వింటావు. అది నిజమైన ఇబ్బందే అయినా, ఎస్కార్ట్ కావాలని ఎవరు ఎప్పుడు రాశారో, దానికి జవాబు ఏమొచ్చిందో చూపే కాగితం కూడా ఉండి తీరాలి. కస్టడీ మరణాన్ని ఇరవై నాలుగు గంటల్లో తమకు తెలియజేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993లోనే ఆదేశించింది. మేజిస్ట్రేటు విచారణ ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర విచారణ పద్ధతిని నిర్దేశించే చట్టం) 196వ సెక్షన్ కింద జరుగుతుంది. ఆ రెండింటి నకళ్ల కోసం కుటుంబం చేత దరఖాస్తు పెట్టించు.

ప్రాణభయం గురించి వచ్చే ఫిర్యాదును మాత్రం ఒక్క రోజు కూడా నీ దగ్గర ఉంచుకోవద్దు. 1977 మేలో కోయిలకుంట్ల సబ్ జైలు మీద బాంబుల దాడి జరిగి లోపల ఉన్న ఒకరు చనిపోయారు, ఆయన కొడుకు గాయపడ్డాడు. తమకు ముప్పు ఉందని వాళ్లు ముందే చెప్పుకున్నారు. సార్వభౌమాధికారంతో చేసే పనులకు రాజ్యం పరిహారం ఇవ్వనక్కర్లేదన్న వాదనను తోసిపుచ్చి, ప్రభుత్వం పరిహారం చెల్లించవలసిందేనని 2000లో సుప్రీంకోర్టు నిర్ధారించింది. ముందే చెప్పారన్న అంశం లేకపోతే ఆ కేసు బలం ఎంత తగ్గేదో ఊహించు. భయం ఉందని ఎవరైనా చెబితే, ఎవరికి చెప్పారో, ఏ తేదీన చెప్పారో, జవాబుగా ఏం జరిగిందో అదే రోజు రాసిపెట్టి, వాళ్ల అనుమతితో జిల్లా జడ్జికి, ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థకు పంపించు. అప్పుడు వ్యాసం రాయాలన్న ఆలోచన మనసులోకే రానివ్వకు.

నువ్వు అంకెలతో మొదలుపెట్టాలనుకుంటున్నట్లు రాశావు. వాడుకో గానీ వాటి మీదే ఆధారపడకు. 2022 చివరినాటికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటు ఉంటే 5,73,220 మంది ఉన్నారని, అంటే 131.4 శాతమని, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలని జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రచురించింది. ఈ సగటు వెనక ఖాళీ బ్యారక్‌లూ ఉన్నాయి, కాళ్లు ముడుచుకుని పడుకునే బ్యారక్‌లూ ఉన్నాయి. జైలు మొత్తం జనాభా అడగడంతో ఆగకుండా, సాయంత్రం లాకప్ వేళ ఏ బ్యారక్‌లో ఎంతమందిని లెక్కపెట్టారో, అందులో పనిచేసే మరుగుదొడ్లు ఎన్నో, రాత్రి నీళ్లు ఉన్నాయో లేవో అడుగు. అలాగే విచారణ ఖైదీల సంఖ్యను చూసి నిట్టూర్చే బదులు ఒక్కొక్కరి తేదీలు చూడు. మొదటిసారి కేసులో ఉన్నవారు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగిలినవారు సగం కాలం లోపల గడిపితే బెయిలుకు అర్హులవుతారని, అందుకోసం సూపరింటెండెంటే కోర్టుకు రాయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ చెబుతుంది. మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవారికి అది వర్తించదు. మిగిలినవారిలో గడువు దాటినా దరఖాస్తు వెళ్లని ఒక్క మనిషిని నువ్వు చూపించగలిగితే, అది పేజీల కొద్దీ ఆవేదన కంటే ఎక్కువ పని చేస్తుంది.

మాన్యువల్‌ను కూడా అనుమానించడం నేర్చుకో. మనం సాధారణంగా మాన్యువల్‌లో ఉన్నది అమలు కావడం లేదని రాస్తాం. విలేఖరి సుకన్య శాంత 2020లో చేసిన పని అంతకంటే లోతైనది. వంట ఎవరు చేయాలో, మరుగుదొడ్లు ఎవరు కడగాలో కులాన్ని బట్టి పంచే నియమాలు అనేక రాష్ట్రాల మాన్యువళ్లలోనే రాసి ఉన్నాయని ఆమె చూపించారు. ఆ తర్వాత తానే కోర్టుకు వెళ్లారు. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అలాంటి నియమాలను కొట్టివేసి, జైలు రిజిస్టర్లలో కులం గడినే తీసేయమంది. ఆ గడి పోయిందా, పోయినా చీపురు అవే చేతుల్లో ఉందా అన్నది ఈ రోజు నువ్వు ఏ జైలుకు వెళ్లినా విచారించదగిన విషయం.

లోపలికి వెళ్లే అనుమతి దొరకని రోజులే ఎక్కువగా ఉంటాయి. ఖైదీలను ఏకాంతంగా కలిసే, ముందు చెప్పకుండా తనిఖీకి వెళ్లే అధికారం స్వతంత్ర పరిశీలకులకు ఉండాలని 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన మండేలా నియమాలు చెబుతాయి. మన దగ్గర అలాంటి అధికారం నీలాంటివారికి లేదు. దాని కోసం అబద్ధం చెప్పి, ఎవరి బంధువుగానో ములాఖత్‌లో కూర్చోవద్దు. అది బయటపడిన రోజు, ఆ కుటుంబానికి ములాఖత్ ఆగిపోతుంది. గేటు బయట చెట్టు కింద సంచులతో ఎదురుచూసే తల్లులు, నిన్ననే విడుదలైనవారు, న్యాయ సేవాధికార సంస్థ పంపే వకీళ్లు, పదవీ విరమణ చేసిన వార్డర్లు, వీళ్లందరూ నీకు తలుపులే. సమాచార హక్కు చట్టంలో, మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించిన సమాచారాన్ని నలభై ఎనిమిది గంటల్లో ఇవ్వాలన్న నిబంధన ఉంది. దాన్ని వాడుకో. వార్డర్లతో మర్యాదగా ఉండు. సెలవు దొరకని డ్యూటీల్లో వాళ్లూ ఆ గోడల మధ్యే బతుకుతున్నారు, లోపలి నిజాలు వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియవు.

రాసేటప్పుడు నువ్వు చూసింది, ఒకరు చెప్పింది, కాగితంలో ఉన్నది వేరువేరుగా కనిపించాలి. ఈ మూడూ కలిసిపోతే ఒక చిన్న పొరపాటును పట్టుకుని మొత్తాన్ని కొట్టిపారేస్తారు. జైలు అధికారుల జవాబు అడుగు, ఇచ్చినదాన్ని కుదించకుండా వెయ్యి. వారి దగ్గరకు వెళ్లేముందే ఫిర్యాదీకి ఆ సంగతి చెప్పి అతని అభిప్రాయం తీసుకో. వద్దంటే ఆగిపో. ఎంత మంచి కథ చేజారినా సరే ఆగిపో. శిక్షపడ్డ నేరం ఏదైనా, ఫిర్యాదు విచారణలో దానికి చోటు లేదు. విశాఖ సెంట్రల్ జైలులోని నక్సలైటు ఖైదీలు వేసిన కేసులో, శిక్ష పడినంత మాత్రాన ఖైదీ ప్రాథమిక హక్కులన్నీ పోవని 1974లోనే సుప్రీంకోర్టు చెప్పింది. "ఇంతకీ వాడు ఏం చేసి లోపలికి వెళ్లాడు?" అని నీ ఇంట్లోవాళ్లే అడుగుతారు, ఆ జవాబు నీ నోటి చివర సిద్ధంగా ఉండాలి.

వచ్చే నెలలో నీకు ఖాళీ దొరికితే ఒక పని చెయ్యి. బెంగళూరు సెంట్రల్ జైలు నుంచి రామమూర్తి అనే ఖైదీ రాసిన ఉత్తరం మీద, అక్కడి జిల్లా జడ్జి చేత విచారణ జరిపించి, 1996లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కిక్కిరిసిన బ్యారక్‌లు, విచారణలో జాప్యం, హింస, ఆరోగ్యం, తిండీ బట్టా, ఉత్తరాలూ ములాఖత్‌లూ, జైలు సందర్శకుల వ్యవస్థ, ఇలా తొమ్మిది సమస్యలు అందులో ఉన్నాయి. వాటిలో సందర్శకుల వ్యవస్థను తీసుకుని, మీ జిల్లా జైలుకు ప్రభుత్వ అధికారులు కాని సందర్శకులను నియమించారా, నియమిస్తే వారు చివరిసారి ఎప్పుడు వెళ్లారు, సందర్శకుల పుస్తకంలో ఏం రాశారు, రాసినదాని మీద ఎవరు ఏ చర్య తీసుకున్నారు అని దరఖాస్తు పెట్టు. జవాబు రాగానే నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
మీ అక్క