బ్రిటనీ చేపల రేవులో వారం రోజులు: లోన్ తియ్యాలా, వడ్డీ డబ్బుతో వెళ్ళాలా?

ప్రశ్న: మాది బాపట్ల జిల్లా. నిజాంపట్నం హార్బర్ దగ్గర పనిచేశాను, హెడ్మాస్టర్‌గా రిటైరయ్యాను, పెన్షన్ నెలకి 48 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు దాంతో గడిచిపోతోంది. నాకు సుగర్ ఉంది, మా ఆవిడ శనివారం నీచు ముట్టదు. రిటైర్మెంట్ డబ్బులో 30 లక్షలు ఈ జనవరిలో సీనియర్ సిటిజన్ స్కీమ్‌లో వేశాను, ఏప్రిల్, జూలైల్లో పడిన వడ్డీ ఇంకా ముట్టుకోలేదు. మా అమ్మాయికి ఫ్రాన్స్‌లో రెన్ సిటీలో ఉద్యోగం. వచ్చే జూన్‌లో రమ్మంటోంది, బ్రిటనీ తీరంలో పాత చేపల ఊళ్ళో ఒక వారం ఉందాం అంటోంది. ట్రావెల్స్ వాళ్ళేమో 9 రోజుల్లో 5 దేశాలు, మనిషికి 2.9 లక్షలు అంటున్నారు. స్కీమ్ డబ్బు కదపకుండా 3 లక్షలు పర్సనల్ లోన్ తియ్యమని బావమరిది సలహా. ఇంత ఖర్చు పెట్టి చేపల రేవు చూడ్డానికి పోవడం ఏంటని బంధువులు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు మీ బావమరిది గారి మాటలో సగం కరెక్ట్. స్కీమ్ అస్సలు కదపొద్దు. ఏడాది తిరక్కుండా క్లోజ్ చేస్తే ఇప్పటిదాకా ఇచ్చిన వడ్డీ మొత్తం అసల్లోంచి వెనక్కి లాగేసుకుంటారు, ఏడాది దాటాక రెండేళ్ళ లోపు తీస్తే ఒకటిన్నర శాతం కట్. అక్కడిదాకా ఆయన మాట వినండి. రెండో సగం మాత్రం వద్దు. 3 లక్షలు 14 శాతానికి రెండేళ్ళు తీసుకుంటే ఈఎంఐ 14,400 చిల్లర, చివరికి కట్టేది 3 లక్షల 45 వేలు దాటుతుంది, అంటే సుమారు 45,700 వట్టి వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు దానికి అదనం. మీరు స్కీమ్ రూపంలో ప్రభుత్వానికి 8.2 శాతానికి అప్పిచ్చిన మనిషి, 14 శాతానికి అప్పు చేసి ఊరు చూడ్డానికి పోవడం ఏంటి చెప్పండి. పైగా తిరిగొచ్చాక రెండేళ్ళపాటు పెన్షన్‌లో దాదాపు మూడో వంతు దానికే పోతుంది, ఆ మధ్యలో ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే మళ్ళీ ఇంకో అప్పు.

అసలు మీ దగ్గర డబ్బు ఉంది, మీరే గమనించలేదు అంతే. 30 లక్షల మీద మూడు నెలలకోసారి 61,500 పడుతుంది. ఏప్రిల్, జూలైవి కలిపి 1.23 లక్షల దాకా అలాగే ఉంది కదా, అక్టోబర్, జనవరి, ఏప్రిల్‌వి కూడా ముట్టుకోకపోతే ప్రయాణానికి ముందే 3 లక్షలు దాటుతుంది. దానికి తోడు సెప్టెంబర్ నుంచి నెలకి 10 వేలు ఆర్‌డీ పెట్టండి, ఏప్రిల్‌కి ఇంకో 80 వేలు. ఇంటి ఖర్చు పెన్షన్‌తో గడిచిపోతోందన్నారు కాబట్టి ఇది మీకు బరువు కాదు. పెన్షన్, వడ్డీ కలిపినా ఏడాదికి 12 లక్షల లోపే కాబట్టి కొత్త పద్ధతిలో ట్యాక్స్ కట్టక్కర్లేదు, కానీ వడ్డీ లక్ష దాటింది కాబట్టి టీడీఎస్ కట్ అవ్వకుండా ఇవ్వాల్సిన ఫామ్ ఇచ్చారో లేదో ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు ఖర్చు. యూరో 105 రూపాయలు అనుకుని నేను వేసిన అంచనా ఇది, రేటు మారితే మీరు మార్చుకోండి. ఇద్దరికీ విమానం లక్షన్నర. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, సెంటర్ సర్వీస్ చార్జీ, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఇద్దరికీ 35 వేలు. ఊళ్ళో వారానికి ఇల్లు 63 వేలు. రైళ్ళు 26 వేలు. తిండి, తిరుగుళ్ళు, రెండ్రోజులు కారు అద్దె కలిపి 42 వేలు. తిరిగొచ్చేటప్పుడు పారిస్‌లో రెండు రాత్రులు 32 వేలు. చేతిలో ఉండాల్సింది ఇంకో 40 వేలు. మొత్తం 3.9 లక్షల దరిదాపుల్లో తేలుతుంది. ప్యాకేజీ అయితే ఇద్దరికీ 5.8 లక్షలు, దాని మీద టీసీఎస్ అని ముందస్తు పన్ను వేరే వసూలు చేస్తారు (అది పోదు, రిటర్న్ వేస్తే వెనక్కొస్తుంది, కాకపోతే అన్నాళ్ళు మీ డబ్బు అక్కడ ఇరుక్కుంటుంది). మీరే విడివిడిగా బుక్ చేసుకుంటే 10 లక్షల లోపు పంపే డబ్బుకి ఇప్పుడున్న రూల్ ప్రకారం టీసీఎస్ లేదు.

ఇక చేపల రేవు చూడ్డానికా అన్న మాట. నాకైతే మీ అమ్మాయి ఆలోచనే నచ్చింది, ఒక్క డబ్బు కోణంలోనే కాదు. 9 రోజుల్లో 5 దేశాలంటే సగం రోజులు బస్సులోనే గడుస్తాయి, 60 దాటిన మోకాళ్ళకి అది సెలవు కాదు. ఒకే ఊళ్ళో వారం అంటే పొద్దున లేచి నెమ్మదిగా కాఫీ తాగి సముద్రం ఒడ్డుకి నడుచుకుంటూ పోవచ్చు, ఆ ఒడ్డుకి టికెట్ లేదు.

ఊరు ఏదనేది మీరు రాయలేదు. నన్నడిగితే ల్ గిల్వినెక్. బ్రిటనీకి పడమటి చివర ఫినిస్టేర్ జిల్లాలో ఉంటుంది, కెంపేర్ స్టేషన్ నుంచి సుమారు 30 కిలోమీటర్లు, బస్సు ఉంది. చూడ్డానికి పెట్టిన బొమ్మ రేవు కాదు, ఇప్పటికీ నిజంగా వేటకెళ్ళే రేవు. వారం మధ్యలో సాయంత్రం నాలుగు, ఐదు మధ్య ఒడ్డు దగ్గరి వేట బోట్లు వరసగా లోపలికొస్తాయి, వెనక సీగల్స్ గోల గోలగా ఎగురుతుంటాయి, బోటు ఇంకా సరిగ్గా ఆగకముందే లాంగూస్టిన్ల ట్రేలు పైకి అందిస్తుంటారు. లాంగూస్టిన్ అంటే సన్నటి పొడుగు గోళ్ళతో లేత నారింజ రంగులో రొయ్యకి దగ్గరగా ఉండే జీవి, ట్రేలో ఇంకా కదులుతూనే ఉంటుంది, ఈ ఊరు అంత పేరు తెచ్చుకుంది దానివల్లే. పైన టెర్రస్ మీద నిలబడి ఇదంతా ఊరికే చూడొచ్చు, పక్కనే హాలియోటికా అని చేపల వేట గురించిన మ్యూజియం ఉంది, దానికి మాత్రం టికెట్. నిజాంపట్నం హార్బర్ దగ్గర పనిచేశానని రాశారు కదా, ఆ వేలంపాట హడావిడి తెలిసిన మీకు ఇక్కడ తేడాలు ఇంకా బాగా కనిపిస్తాయి, టూరిస్టులకి పట్టని విషయాలు మీ కంటికి ఆనతాయి. శని, ఆదివారాలు వేలం ఉండదు, అది గుర్తుపెట్టుకోండి.

ఇల్లు సంగతికొస్తే, అక్కడ సెలవులకి అద్దెకిచ్చే ఇళ్ళని జీత్ అంటారు, వంటగది ఉంటుంది. జూలై, ఆగస్టుల్లో ఫ్రెంచి బడులకి సెలవులు, ఎక్కువగా శనివారం నుంచి శనివారం లెక్కన వారానికే ఇస్తారు, అద్దె బాగా పెరిగిపోతుంది. జూన్ మొదటి రెండు వారాల్లో అదే ఇల్లు చాలా తక్కువకి దొరుకుతుంది, రాత్రి పది దాటేదాకా వెలుతురు కూడా ఉంటుంది. మీ ఆవిడగారు శనివారం నీచు ముట్టరని రాశారు, అందుకే వంటగది ఉన్న ఇల్లు అంటున్నా. బియ్యం, పప్పు రెన్‌లోనే కొని పట్టుకెళ్తే సరి, కూరగాయలు ఊళ్ళో సంతలో దొరుకుతాయి. మిగతా రోజుల్లో చేపల కొట్లో తెచ్చుకుని మీ పద్ధతిలో పులుసు పెట్టుకోండి, ముగ్గురు రెస్టారెంట్‌లో ఒక్క పూట తినే డబ్బుతో ఇంట్లో రెండు రోజులు గడిచిపోతుంది. బయట తినాలనుకుంటే మధ్యాహ్నం వెళ్ళండి, మధ్యాహ్నం ఫిక్స్‌డ్ మెనూ చవక. లేదా క్రెప్రీ అనే అట్ల హోటల్లో గాలెట్ తినండి, బక్‌వీట్ పిండితో వేసే పల్చటి అట్టు, చీజ్, గుడ్డు వేసి మడిచి ఇస్తారు. మంచినీళ్ళ సీసా కొనొద్దు, కుళాయి నీళ్ళు జగ్గులో అడిగితే ఊరికే ఇస్తారు. సర్వీస్ బిల్లులోనే ఉంటుంది, టిప్ ఇవ్వాలన్న బలవంతం లేదు.

కారు రెండ్రోజులు చాలు, బ్రిటనీ హైవేల మీద టోల్ కూడా లేదు. ఒక రోజు దువార్నెనే వెళ్ళిరండి. సార్డిన్ చేపల డబ్బాల ఊరు, ఫ్యాక్టరీలు ఇప్పటికీ నడుస్తున్నాయి. 1924 చివర్లో ఆ ఫ్యాక్టరీల్లో గంటకి 80 సాంటీమ్‌లకి (నూరు సాంటీమ్‌లు ఒక ఫ్రాంకు, అప్పటి ఫ్రెంచి డబ్బు) రాత్రింబవళ్ళు చేపలు డబ్బాల్లో సర్దే ఆడవాళ్ళు సమ్మె కట్టారు, గంటకి ఫ్రాంకుంపావు అడిగారు, వారాల తరబడి నిలబడి 1925 జనవరికి ఒక ఫ్రాంకు సాధించారు, ఓవర్‌టైమ్‌కీ, రాత్రి పనికీ అదనపు కూలి కూడా. వాళ్ళలో జోసెఫీన్ పెంకలే అనే ఆవిడ ఆ ఏడే మున్సిపల్ కౌన్సిల్‌కి గెలిచింది, ఆడవాళ్ళకి ఓటు హక్కే లేని రోజులవి, తర్వాత ఆ ఎన్నిక కొట్టేశారు. జీతాలు, లెక్కలతోనే బతికే నాకు ఆ వీధులు ఏ రాజభవనం కంటే ఎక్కువ. క్విన్యమాన్ పుట్టింది కూడా ఆ ఊళ్ళోనే, బ్రెడ్ పిండి, వెన్న, పంచదార పొరలు పొరలుగా వేసి కాల్చే కేకు. మీకు సుగర్ ఉందన్నారు కాబట్టి ముగ్గురూ కలిసి ఒక ముక్క పంచుకోండి చాలు.

రెండో రోజు కాంకార్నో. రేవులో చిన్న దీవి మీద కట్టిన పాత కోట ఊరు, లోపల చేపల వేట మ్యూజియం ఉంది. 1900ల మొదట్లో సార్డిన్ చేప ఒక్కసారిగా రాకుండా పోయి జాలర్ల ఇళ్ళల్లో పొయ్యి వెలగని పరిస్థితి వస్తే, వాళ్ళకి డబ్బు పోగుచేద్దామని 1905లో నీలి వలల పండగ మొదలుపెట్టారు, ఇప్పటికీ ప్రతి ఆగస్టులో చేస్తారు. దాని కోసమని ప్రయాణం ఆగస్టుకి మార్చకండి, ఇల్లు, విమానం రెండూ మీ లెక్క దాటిపోతాయి.

ఇక మీరు ఇప్పటి నుంచే చూసుకోవాల్సినవి. అమ్మాయి ఇంట్లో కూడా కొన్నాళ్ళు ఉంటారు కాబట్టి తన ఏరియా మేరీ, అంటే మున్సిపల్ ఆఫీస్‌లో, మీకు ఆతిథ్యం ఇస్తున్నట్టు అతెస్తాసియోన్ దాకేయ్ అనే కాగితం తీయమనండి, 30 యూరోలు. అది ఉంటే ఆ రోజులకి హోటల్ బుకింగ్ చూపించక్కర్లేదు, రోజుకి చూపించాల్సిన డబ్బు కూడా తగ్గుతుంది. దానికి టైమ్ పడుతుంది, అందుకే జనవరిలోనే మొదలుపెట్టమనండి. వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చెయ్యొచ్చు, చివరి నెలదాకా ఆగొద్దు. ఇల్లు మాత్రం వీసా వచ్చేదాకా ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే బుక్ చెయ్యండి, పది, పదిహేను యూరోలు ఎక్కువైనా పర్లేదు. పారిస్ ఎయిర్‌పోర్ట్ స్టేషన్ నుంచే రెన్‌కి నేరుగా టీజీవీ అనే స్పీడు రైళ్ళున్నాయి, సామాన్లతో సిటీలోకి పోయి స్టేషన్ మారక్కర్లేదు, టికెట్లు ఓపెన్ అయిన రోజుల్లోనే కొంటే సగానికి సగం ఆదా.

ఇన్సూరెన్స్ దగ్గర మాత్రం పిసినారితనం చెయ్యొద్దు. వీసాకి కనీసం 30 వేల యూరోల మెడికల్ కవర్ అడుగుతారు, చవక పాలసీ తీసుకుని బీపీ, సుగర్ దాచిపెడితే అక్కడ హాస్పిటల్ బిల్లు వచ్చినప్పుడు క్లెయిమ్ కొట్టేస్తారు. ఉన్నవన్నీ రాసి, ముందు నుంచి ఉన్న జబ్బులకి కూడా కవర్ ఇచ్చే పాలసీ తీసుకోండి, నేను 35 వేలు పెట్టింది అందుకే, ఇంకో ఐదు వేలు ఎక్కువైనా ఇవ్వండి.

కార్డు గీకేటప్పుడు మెషిన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే ఎప్పుడూ యూరోలే నొక్కండి, రూపాయలు నొక్కితే వాళ్ళ రేటు పడుతుంది. మామూలు క్రెడిట్ కార్డుకి 2 నుంచి 3.5 శాతం మార్కప్, దాని మీద జీఎస్టీ పోతాయి కాబట్టి ఫారెక్స్ కార్డు తీసుకుని రెండు మూడు విడతలుగా యూరోలు వేసుకోండి, అక్టోబర్ వడ్డీ పడగానే మొదటి విడత. ఓ 200 యూరోలు నోట్లుగా ఉంచండి, సంతలో ముసలమ్మల దగ్గర కూరగాయలు కొనడానికి పనికొస్తాయి.