బోరు నీటి ఈతకొలనులో సున్నపు పొర

ప్రశ్న: హైదరాబాద్ శివార్లలోని మా ఇంటి ఈతకొలనును బోరు నీటితో నింపుతున్నాము. టైల్స్ అంచున తెల్లని పొర కడుతోంది, నీరు మసకబారుతోంది. బ్లీచింగ్ పౌడర్ ఎంత వేసినా ఫలితం లేదు. ఏమి చేయాలి?

జవాబు: బ్లీచింగ్ పౌడర్‌లోనే కాల్షియం ఉన్నందున, మీరు మందుగా వేస్తున్నదే నీటి కాఠిన్యాన్ని పెంచుతోంది, దానికి బదులు సోడియం హైపోక్లోరైట్ ద్రావణం వాడండి. ఎండకు ఆవిరయ్యేది నీరే తప్ప అందులోని లవణాలు కావు కనుక, తగ్గినప్పుడల్లా బోరు నీటినే నింపుతూ పోతే కాల్షియం పేరుకుపోతుంది. కొలను నీటి కాఠిన్యం లీటరుకు 200–400 మిల్లీగ్రాములు, పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) 7.2–7.6 మధ్య ఉండటం మంచిది. పీహెచ్ పెరిగితే సున్నం విడివడి టైల్స్‌కు పట్టడమే కాక, క్లోరిన్ పదును కూడా తగ్గుతుంది. మీ నీరు మసకబారడానికి బహుశా ఇదే కారణం. హైపోక్లోరైట్ కూడా పీహెచ్‌ను పెంచేదే కాబట్టి, వారానికి రెండుసార్లు పరీక్షించి, అవసరమైతే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని బకెట్ నీటిలో కొద్దికొద్దిగా కలిపి, పంపు నడుస్తుండగా పోయండి. ఆమ్లంలో నీరు పోయరాదు. క్లోరిన్ మందుతో ఆమ్లాన్ని కలపడం మరీ ప్రమాదకరం, విషవాయువు వెలువడుతుంది. ఇసుక ఫిల్టర్ కరిగిన కాల్షియాన్ని ఆపలేదు. కొంత నీటిని తోడివేసి, డాబా మీద పడిన వాన నీటిని వడకట్టి నింపడమే చవకైన మార్గం.