ఆగి ఉన్న మోటర్‌హోమ్, దిగిపోయిన బ్యాటరీలు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నవంబరులో కవరు కప్పి వదిలేసిన మోటర్‌హోమ్, అదే ఇంటి వసతులున్న నీ బండి, దగ్గరికి ఏప్రిల్‌లో వెళ్లి తాళంచెవి తిప్పితే టిక్కుటిక్కుమనడమే తప్ప సెల్ఫ్ తీసుకోలేదనీ, లోపల దీపం కూడా వెలగలేదనీ, అన్ని బ్యాటరీలూ కొత్తవి కొనాలనుకుంటున్నాననీ రాశావు. కొనవద్దని నేను అనను. అయితే వాటిని ఏది తాగేసిందో తేల్చకుండా కొంటే మాత్రం వచ్చే ఏప్రిల్‌లో ఇదే ఉత్తరం మళ్లీ రాయవలసి వస్తుంది.

మోటర్‌హోమ్‌లో రెండు బ్యాటరీ కాపురాలు ఉంటాయన్న సంగతి ముందు మనసులో పెట్టుకో. ఇంజనును తిప్పేది ఒకటి. దీపాలకు, నీటి పంపుకు, ఫర్నేసు ఫ్యానుకు, చాలా బండ్లలో జనరేటరు స్టార్టుకు కూడా కరెంటు ఇచ్చే ఇంటివైపు బ్యాటరీలు రెండవవి. బయటి కరెంటుకు ప్లగ్గు పెట్టినప్పుడు అనేక బండ్లలో ఇంటివైపు మాత్రమే ఛార్జ్ అవుతుంది, ఇంజను బ్యాటరీకి చుక్క కూడా అందదు. నీ బండిలో రెండూ దిగిపోయాయి కనుక దొంగలు కూడా ఇద్దరు ఉన్నారనుకొని వెతకడం మంచిది.

ఈ రోజే జంప్ ఇవ్వడానికి, అంటే మరో బండి బ్యాటరీకి తీగలు కలిపి స్టార్టు చేయడానికి, తొందరపడకు. ముందుగా బ్యాటరీ డబ్బా పక్కలు ఉబ్బాయేమో, ఎక్కడైనా చీలిందేమో టార్చి వేసి చూడు. నిండా ఛార్జ్ ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50 డిగ్రీల సెల్సియస్‌లో కూడా గడ్డకట్టదు; పూర్తిగా దిగిపోయినది మైనస్ 10 దగ్గరే గడ్డకడుతుంది, ఎందుకంటే అప్పటికి లోపలి ఆమ్లం దాదాపు నీరై ఉంటుంది. మన మిషిగన్ జనవరి చలికి మైనస్ 10 ఒక లెక్క కాదు. గడ్డకట్టిన బ్యాటరీకి జంప్ గానీ ఛార్జర్ గానీ తగిలిస్తే పేలే ప్రమాదం ఉంది. ఉబ్బినదాన్ని పాత బ్యాటరీ కింద దుకాణంలో ఇచ్చేయడమే మేలు.

డబ్బా బాగుంటే మీటరు పెట్టు. ఛార్జ్ చేసి, కొన్ని గంటలు ఊరక వదిలి చూసినప్పుడు 12.6 వోల్టులు గానీ అంతకు మించి గానీ ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే దిగితే దాదాపు అడుగంటినట్టు. నీవు రాసిన 10.9 అంకె ఎన్నాళ్లుగా అలాగే ఉందన్నదే అసలు ప్రశ్న. దిగిన స్థితిలో నెలల తరబడి పడి ఉంటే పలకల మీద లెడ్ సల్ఫేట్ గట్టిపడి, ఆ తరువాత ఎంత ఛార్జ్ పెట్టినా పూర్వపు శక్తి తిరిగిరాదు. అయినా ఒక అవకాశం ఇచ్చి చూడు. నేటి స్మార్ట్ ఛార్జర్లు మరీ దిగిపోయిన బ్యాటరీని చూసి అసలు బ్యాటరీయే లేదన్నట్టు మొండికేస్తాయి. అప్పుడు విడిభాగాల దుకాణానికి తీసుకెళ్లి నెమ్మదిగా ఛార్జ్ పెట్టించి, లోడ్ టెస్ట్ (బరువు వేస్తే బ్యాటరీ ఎంత నిలుస్తుందో చూసే పరీక్ష) చేయించు. ఇంజనుకు జంప్ ఇవ్వక తప్పకపోతే చివరి నల్ల క్లిప్పును బ్యాటరీకి కాక దూరంగా ఇంజను లోహానికి పెట్టు. ఆ తరువాత పావుగంట ఇంజను ఆడించి ఛార్జ్ అయిందనుకుంటే అది భ్రమ.

ఇక దొంగల సంగతి. బ్యాటరీ నుంచి బండికి కరెంటు తెంచే డిస్‌కనెక్ట్ స్విచ్ ఆపాను కదా అని ధీమాగా రాశావు. మొదటి చలికాలం నేనూ అలాగే అనుకున్నాను. ఏప్రిల్‌లో చూస్తే నా బ్యాటరీ పక్క చీలి, కింద ట్రేలో ఆమ్లం పడి ఇనుము తిని ఉంది. గ్యాస్ డిటెక్టరు వంటివి కొన్ని ఆ స్విచ్‌కు ముందే కలిపి ఉంటాయని అప్పుడు తెలిసింది. మా బండిలో దానితోబాటు మరొకటి ఉంది: ఫ్రిజ్ తలుపు చట్రంలో తేమ పట్టకుండా ఉంచే సన్నని హీటరు తీగ. కొన్ని పాత ఫ్రిజ్‌లలో ఫ్రిజ్ ఆపినా అది పని చేస్తూనే ఉంటుంది. పై తలుపుకూ కింది తలుపుకూ మధ్యనున్న పట్టీని చేత్తో తాకితే గోరువెచ్చగా తగిలింది, అంతే, దొరికిపోయింది. అటువంటివన్నీ కలిసి అర ఆంపియరు లాగితే రోజుకు 12 ఆంపియర్-గంటలు. 100 ఆంపియర్-గంటల బ్యాటరీ ఎనిమిది రోజులకే ఖాళీ.

నీవు చేయవలసింది ఇది. అన్నీ ఆపి, మైనస్ కేబుల్ ఊడదీసి, మీటరును 10 ఆంపియర్ల గుర్తు దగ్గర పెట్టి, ఆ కేబుల్‌కూ టెర్మినల్‌కూ మధ్య కలిపి అంకె చూడు. మీటరు అలా ఉండగా దీపాలు, సెల్ఫ్ జోలికి పోకు, మీటరు ఫ్యూజు పోతుంది. తరువాత ఒక్కొక్క ఫ్యూజు తీస్తూ పోతే ఏది తీసినప్పుడు అంకె పడిపోతుందో ఆ వైరు మీదే దొంగ ఉన్నట్టు.

వచ్చే చలికాలానికి స్విచ్‌ను నమ్మక, నిండా ఛార్జ్ చేసి, ఇంజను బ్యాటరీకీ ఇంటివైపు బ్యాటరీలకూ మైనస్ కేబుల్ ఊడదీసి పెట్టు. తీసేటప్పుడు మైనస్ ముందు, పెట్టేటప్పుడు మైనస్ చివర. కేబుళ్లు ముట్టుకునే ముందు ఫోనులో ఫోటో తీసుకో. ఆరు వోల్టుల బ్యాటరీలు జంటగా ఉన్న బండిలో తీగ తారుమారైతే ఖర్చు తేలికగా తేలదు. గ్యాస్ డిటెక్టరు కూడా ఆగిపోతుంది కనుక మళ్లీ కలిపేవరకు అందులో నిద్రపోవద్దు. బ్యాటరీలను గ్యారేజీలో పెట్టి నెలకొకసారి చూస్తే చాలు. సిమెంటు నేల మీద పెడితే దిగిపోతాయని మన పెద్దలు అనేవారు, నేటి ప్లాస్టిక్ డబ్బాలకు ఆ భయం లేదు.

చలికాలమంతా ప్లగ్గు పెట్టి ఉంచే పద్ధతి నాకు నచ్చదు. పాత ఛార్జర్లు ఆపకుండా ఛార్జ్ పెడుతూ బ్యాటరీలోని నీటిని వాయువులుగా విడగొట్టి తగ్గించేస్తాయి. విజయవాడ ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసే పని మీ నాన్నదే, అడుగు, అదే పని ఇక్కడ నీది అవుతుంది. సోలారు పలక మంచు కింద పని చేయదు. లిథియం బ్యాటరీలు కొంటే మాత్రం సున్నా డిగ్రీలకు దిగువన ఛార్జ్ పెట్టకూడదని మరువకు.

శనివారం మీటరు పెట్టి, ఏ ఫ్యూజు తీస్తే అంకె పడిందో చెప్పు. నా అనుమానం ఫ్రిజ్ పట్టీ మీదే.

ఇట్లు,
మీ పెదనాన్న