ఎదుటి మనిషిని బట్టి మాట

విజయవాడ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

తెలుగు సినిమాలో స్త్రీల మాటతీరు గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. గుంటూరు మిర్చి యార్డులో పనిచేసే మీ మేనత్త వ్యాపారితో ఒకలాగా, తోటి కూలీలతో ఒకలాగా మాట్లాడుతుందని రాసిన పేరా బాగుంది. అయితే పాత సినిమాల్లో ఆడవాళ్లు అణిగిమణిగి మాట్లాడేవారనీ, ఇప్పుడు స్వేచ్ఛగా మాట్లాడుతున్నారనీ ఆ వెంటనే తేల్చేయడం చూసి నాకు కోపం వచ్చింది.

1962 నాటి 'గుండమ్మ కథ' చూసినవారు ఆ మాట అనగలరా? డి.వి. నరసరాజు గారి సంభాషణల్లో, సవతి కూతురు లక్ష్మి మీద విరుచుకుపడే గుండమ్మ పాత్రలోని సూర్యకాంతం గారి గొంతు కన్నకూతురు సరోజ ఎదుటికి వచ్చేసరికి గారాబంతో మెత్తబడుతుంది. 1957 నాటి 'మాయాబజార్'లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించినప్పుడు, మన చిర్రావూరులో పుట్టి బెజవాడ నాటకాల్లో ఎదిగిన సావిత్రి గారు నడకలోకీ మాటలోకీ రాక్షస దర్పాన్ని తీసుకువచ్చారు. ప్రేక్షకులు అంతగా నవ్వారంటే, అసలు శశిరేఖ ఎవరితో ఎలా మాట్లాడుతుందో అప్పటికే వారి చెవికెక్కి ఉండాలి. ఎదుటి మనిషి మారినప్పుడు పాత్ర మాట మారుతోందా లేదా అన్నదే నేను సంభాషణకు పెట్టే పరీక్ష. గట్టిగా అరిచే పాత్రలు కూడా ఇందులో తప్పుతాయి.

1932లో 'భక్త ప్రహ్లాద'లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి గారి రంగస్థల సంప్రదాయం గురించీ, 1938 నాటి 'మాలపిల్ల'లోని వాడుక భాష గురించీ పేజీలు నింపావు. డబ్బింగు ఊసు మాత్రం ఎత్తలేదు. తెలుగు రాని కథానాయికలు పెరిగాక సరిత, రోజారమణి వంటి నటీమణులు ఎందరికో గొంతు ఇచ్చారు, వారి ప్రతిభకు నేను చేతులు జోడిస్తాను. కానీ ఆ వెసులుబాటు చూసుకుని రచయితలు బద్ధకించారు. తల్లితో, స్నేహితురాలితో, ప్రియుడితో ఒకే ముద్దుపలుకులు పలికే అమ్మాయి ఏళ్ల తరబడి తెర మీద తిరిగింది.

ఈ బాధ నాకు కొత్త కాదు. నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో, తెనాలి ముసలమ్మ కోడలిని దెప్పి, ఆ నోటితోనే పాలవాడిని బతిమాలుకునే కథ ఒకటి వారపత్రికకు పంపితే, సంపాదకుడు ఆవిడ మాటలన్నీ ఒకే అచ్చులోకి దిద్ది వేశాడు. తరవాత గాంధీనగర్‌లో ఒక నిర్మాత, హీరోయిన్‌కు ఇన్ని మాటలెందుకని నా సంభాషణలను సగానికి కొట్టేశాడు. ఇద్దరినీ నేను ఇప్పటికీ క్షమించలేదు.

2017లో 'ఫిదా' వచ్చినప్పుడు నాకు ప్రాణం లేచివచ్చింది. తెలుగు మాతృభాష కాని సాయిపల్లవి తన గొంతుతోనే కథానాయిక భానుమతి మాటలు చెప్పుకుంది. తండ్రి దగ్గర, అక్క దగ్గర, ప్రేమించిన వరుణ్ దగ్గర ఆ అమ్మాయి మాట ఎలా మారుతుందో విను. నువ్వు ఆమె తెలంగాణ యాసను మెచ్చుకుని అక్కడే ఆగిపోయావు. క్రియల చివర్లు మార్చి యాస రాశామనుకునే ఫ్యాషన్ ఇప్పుడు ముదిరింది, దాని జోలికి పోకు.

వ్యాసంలోని మొదటి భాగాన్ని కుదించి, మీ మేనత్త పేరాతో మొదలుపెట్టు. 'గుండమ్మ కథ'ను మళ్లీ చూసి, గుండమ్మ ఎవరెవరిని ఏమని పిలుస్తుందో సన్నివేశాల వారీగా రాసుకుని, ఆ కాగితాలు కూడా జతచేసి దసరాలోగా పంపించు.